49 మెర్క్యురీ కిట్‌కి టాప్ చాప్: ఎంత దించాలి, ఎక్కడ కొయ్యాలి, రంగు సంగతేంటి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు డాలస్‌లో ఉంటారు. 1957 షెవీ బెల్ ఎయిర్ ప్లాస్టిక్ మోడల్ కారు కిట్ ఒకటి పెట్టెలో ఇచ్చింది ఇచ్చినట్టే కట్టారు. కారు బాగానే వచ్చింది గానీ రంగు మాత్రం గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా పడింది. ఇప్పుడు 1949 మెర్క్యురీ కారు కిట్ కొని, పైకప్పు కోసి దించి (దీన్నే టాప్ చాప్ అంటారు), 50ల నాటి కాలిఫోర్నియా కస్టమ్ కారులా, అంటే కోసి కొత్త రూపు ఇచ్చిన కారులా చెయ్యాలనుకుంటున్నారు. రెండో కిట్‌కే రంపం పట్టుకోవచ్చా, పట్టుకుంటే ఎంత దించాలి, ఈసారి రంగు నున్నగా రావాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

నేరుగా జవాబు: పట్టుకోవచ్చు, భయపడాల్సింది కోతకు కాదు. 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు ఉండే మోడల్‌లో, ముందువైపు 4 మిల్లీమీటర్లు దించితే చాలు, అంతకు మించొద్దు. కోసిన పైకప్పును కిందికి దించాక స్తంభాలు (కిటికీల పక్కన పైకప్పును మోసే నిలువు కడ్డీలు) ఒకదాని మీద ఒకటి కూర్చోవు, అసలు పని అక్కడుంది. ఆ తేడా ఎంత వస్తుందో, దాన్ని ఎక్కడ సర్దాలో రంపం పెట్టకముందే తేల్చుకోవాలి. రంగు విషయానికొస్తే, మీరు చెప్పిన గరుకుదనం డబ్బా చల్లగా ఉన్నందుకో, దూరం నుంచి కొట్టినందుకో వస్తుంది. దాన్ని సరిచేయడం తేలిక.

ఇక వివరంగా. నేను డెట్రాయిట్ పక్కనే ఉంటాను, ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. మెర్క్యురీలంటే ప్రత్యేకమైన ఇష్టం. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు కిట్ సంగతి

మార్కెట్లో మీకు కనిపించేవి ప్రధానంగా రెండు. ఏఎంటీ వాళ్ళ 49 మెర్క్యురీ 60ల నాటి అచ్చు. ఏఎంటీ పేరు ఇప్పుడు ఇండియానాలోని రౌండ్ 2 కంపెనీ చేతిలో ఉంది, వాళ్ళు ఆ పాత అచ్చుల్లోంచే మళ్ళీ మళ్ళీ పోసి అమ్ముతుంటారు. దీని పైకప్పు ఫ్యాక్టరీ ఎత్తులోనే ఉంటుంది. రెండోది రెవెల్ వాళ్ళ 49 మెర్క్యురీ కస్టమ్ కూపే. ఇది ఈ మధ్య కాలపు అచ్చు, దీనికి పైకప్పు దించేసే పోశారు. ఏ కోతా లేకుండా చాప్ చేసిన మెర్క్యురీ షెల్ఫు మీద చూసుకోవాలంటే రెవెల్ తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ మీరు అడిగింది కోయడం నేర్చుకోవడం గురించి. అలాంటప్పుడు ఏఎంటీయే తీసుకోండి. వీలైతే రెండూ కొనండి. రెవెల్ బాడీని పక్కన పెట్టుకుంటే గీతలు ఎలా పోవాలో కళ్ళముందే ఉంటుంది.

పాత అచ్చు కాబట్టి ఏఎంటీలో అంచులకు పలచని ప్లాస్టిక్ పొరలు వేలాడుతుంటాయి, ఫెండర్ల మీద అచ్చు గీతలు కనిపిస్తాయి, కొన్ని చోట్ల ప్లాస్టిక్ లోపలికి పీక్కుపోయి గుంటలు పడతాయి. దాన్ని లోపం అనుకోకండి. ఆ కాలపు అచ్చులన్నీ అంతే. వాటిని తీయడం కూడా ఈ పనిలో భాగమే.

ఈ కస్టమ్ గోల కిట్లలోకి ఎలా వచ్చిందో తెలిస్తే పెట్టెలో ఉన్న అదనపు భాగాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. ఏఎంటీ మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉండేది. మొదట్లో కార్ల డీలర్లు కొనేవాళ్ళకు చూపించడానికి ఇచ్చే చిన్న ప్రోమో కార్లు చేసేది. 1958లో 'త్రీ ఇన్ వన్' కిట్లు తెచ్చింది. ఒకే పెట్టెలోని భాగాలతో ఫ్యాక్టరీ కారు కట్టుకోవచ్చు, కస్టమ్ చేసుకోవచ్చు, రేసు కారు చేసుకోవచ్చు. ఆ తరువాత అసలు కార్లను కోసి కొత్త రూపు ఇచ్చేవాళ్ళనే కంపెనీలు పిలిపించుకున్నాయి. జార్జ్ బారిస్ ఏఎంటీతో, డారిల్ స్టార్‌బర్డ్ మోనోగ్రామ్‌తో, ఎడ్ రాత్ రెవెల్‌తో పనిచేశారు. అంటే అమెరికాలో పిల్లలు వంటింటి బల్ల మీద చేసిన పని, కాలిఫోర్నియా షెడ్లలో పెద్దవాళ్ళు చేసిన పని ఒకే చేతుల మీదుగా నడిచాయి. అందుకే నేనెప్పుడూ కొత్తవాళ్ళకు చెప్పేది, అసలు కారు మీద ఆ మార్పు ఎలా చేశారో తెలుసుకున్నాకే ప్లాస్టిక్ మీద చెయ్యి వెయ్యమని.

ఎంత దించాలి

1/25 స్కేలులో ఒక సౌకర్యం ఉంది. అసలు కారు మీద ఒక అంగుళం అంటే మన బాడీ మీద దాదాపు ఒక మిల్లీమీటరు. లెక్క నోటితోనే తేలిపోతుంది. మెర్క్యురీ కస్టమ్‌లలో అందరికీ తెలిసిన కారు హిరోహాటా మెర్క్. 1951 మెర్క్యురీ కూపేని బారిస్ సోదరులు శామ్, జార్జ్ 1952లో మార్చి కట్టారు. దాని పైకప్పును ముందు 4 అంగుళాలు, వెనక 7 అంగుళాలు దించారు. మన లెక్కలో ముందు 4, వెనక 7 మిల్లీమీటర్లు. పైకప్పు సమంగా దిగలేదు, వెనక్కి వాలింది. ఆ కారు అందమంతా ఆ వాలులోనే ఉంది. పైకప్పు గీత ముందు అద్దం మీద మొదలై వెనక డిక్కీ మీదికి ఎక్కడా విరగకుండా జారిపోతుంది.

ఒక హెచ్చరిక. 49 కిట్‌తో అచ్చంగా హిరోహాటా కారు కట్టలేరు. 51 మోడల్‌కి వెనక ఫెండర్లు పొడుగ్గా సాగి ఉంటాయి, గ్రిల్ వేరు. పైగా ఆ కారుకి మధ్య స్తంభాలు తీసేసి హార్డ్‌టాప్ చేశారు. పక్కనున్న క్రోమ్ పట్టీ 1952 బ్యూక్‌ది. మీరు అందులోంచి వాలును మాత్రం తీసుకోండి.

ఎక్కువ దించితే ఏమవుతుందంటే, కారు కోపంగా కనిపిస్తుందని కొందరు అనుకుంటారు గానీ నాకు మాత్రం అప్పుడు బాడీ ఉబ్బినట్టు కనిపిస్తుంది. మెర్క్యురీ తలుపులు అసలే ఎత్తు. కిటికీ మరీ సన్నబడితే తలుపు ఇంకా ఎత్తుగా అనిపించి కారు బరువంతా నడుములో చేరుతుంది. 4 మిల్లీమీటర్లంటే తక్కువనిపిస్తుంది, బాడీ చేతిలో పట్టుకుని చూస్తే అది కిటికీ ఎత్తులో పెద్ద భాగం.

స్తంభాలు ఎందుకు కలవవు

ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. కారును పక్క నుంచి చూడండి. ముందు స్తంభం కింది నుంచి పైకి పోతూ వెనక్కి వాలుతుంది. వెనక స్తంభం పైకి పోతూ ముందుకు వాలుతుంది. అంటే పైకప్పు పొడుగు కంటే కింద కిటికీల నడుం దగ్గర పొడుగు ఎక్కువ. ఇప్పుడు ప్రతి స్తంభంలోంచి ఒక ముక్క తీసేసి పైకప్పును నేరుగా కిందికి దించితే, ముందు పై మొండెం కింది మొండేనికి వెనకగా పడుతుంది, వెనక పై మొండెం ముందుకు పడుతుంది. రెండు చివరలా పైకప్పు పొట్టిదైపోతుంది. కారును ముందు నుంచి చూసినా ఇదే తంతు, స్తంభాలు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి వెడల్పులో కూడా కొంచెం తేడా వస్తుంది. వెడల్పు తేడాను ప్లాస్టిక్‌ని వేళ్ళతో కాస్త వంచి సర్దేయొచ్చు. పొడుగు తేడా అలా సర్దుకోదు.

దీనికి మూడు దారులు. ఒకటి, పైకప్పును నడిమధ్య అడ్డంగా కోసి రెండు ముక్కలు చేసి, మధ్యలో స్టైరీన్ (కిట్ పోసే ప్లాస్టిక్) పట్టీ పెట్టి పొడిగించడం. రెండు, ముందు స్తంభాన్ని కింద మొదట్లో సగం కోసి ఇంకొంచెం వెనక్కి వాల్చడం. మూడు, ముందు స్తంభాలు కలిసేలా పైకప్పు మొత్తాన్ని ముందుకు జరిపి, ఆ లోటంతా వెనకకు నెట్టి, వెనక అద్దం చట్రాన్ని ముందుకు వాల్చి పూడ్చడం.

మెర్క్యురీకి నేను మూడో దారే పడతాను. కారణం వెనక అద్దం. దాని ఎత్తులోంచి ముక్క తీస్తే చీలికలా మిగులుతుంది, అసలు కార్ల మీద కూడా నిపుణులు దాన్ని కోయకుండా ఉంచి ముందుకు పడుకోబెట్టేవాళ్ళు. అలా పడుకోబెడితేనే ఆ జారుడు గీత వస్తుంది. మొదటి దారి 55, 57 షెవీల లాంటి బల్లపరుపు పైకప్పులకు బాగుంటుంది. మెర్క్యురీ పైకప్పు గుండ్రం, మధ్యలో పట్టీ వేస్తే ఆ వంపు దెబ్బతిని అక్కడొక చదునైన మచ్చ పడుతుంది. ప్రైమర్ (రంగు కింద వేసే పొర) వేశాక అది స్పష్టంగా కనిపిస్తుంది.

కోత

బాడీని గిన్నెల సబ్బుతో కడిగి ఆరనివ్వండి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ఉంటే టేపు నిలవదు, రంగూ నిలవదు.

సన్నని మాస్కింగ్ టేపు తీసుకుని ముందు స్తంభం మీద రెండు గీతలు వేయండి, మధ్య దూరం 4 మి.మీ. రెండు గీతలూ నేలకు సమాంతరంగా ఉండాలి, స్తంభానికి అడ్డంగా కాదు. చాలామంది వాలిన స్తంభానికి లంబంగా గీత పెట్టేస్తారు, అప్పుడు దించిన పైకప్పు ఒక పక్కకు జారుతుంది. మధ్య స్తంభం మీద కూడా ఇలాగే, కానీ అక్కడ దించాల్సింది కొంచెం ఎక్కువ, ఎందుకంటే పైకప్పు వెనక్కి వాలుతోంది. ముందు 4, వెనక 7 అయితే మధ్యలో ఆ రెండింటి నడుమ ఎంత వస్తుందో బాడీ పక్క గీత కాగితం మీద గీసుకుని కొలవండి. వెనకవైపు కోత డిక్కీ మూతకు కాస్త పైన, అద్దం చట్రం కిందుగా తిరిగి రావాలి.

ఎడమవైపు టేపు పెట్టాక కుడివైపును కంటి అంచనాతో పెట్టకండి. ఒక చదునైన అద్దం పలక మీద బాడీని నిలబెట్టి, పెన్సిల్‌ను చిన్న చెక్క దిమ్మెకు కట్టి, దాన్ని అద్దం మీద జరుపుతూ చుట్టూ గుర్తు పెట్టండి. రెండు పక్కలా ఒకే ఎత్తు వస్తుంది.

రంపం విషయంలో సన్నటి పళ్ళున్న రేజర్ రంపమే వాడండి. దాని పలక మందం కూడా కొంత ప్లాస్టిక్‌ను తినేస్తుంది, కాబట్టి తీసేయాల్సిన ముక్క లోపలివైపే కొయ్యండి. మిగిలింది ఉప్పు కాగితంతో గీత దాకా అరగదీయొచ్చు. స్తంభాలు సన్నం, రంపాన్ని నొక్కితే పుటుక్కున విరుగుతాయి. బాడీ లోపలివైపు టేపుతోనో బ్లూ టాక్ ముద్దతోనో ఆసరా ఇచ్చి, రంపాన్ని దాని బరువుకే వదిలి లాగండి. ముందు స్తంభాలు ఆఖరున కొయ్యండి. అవి నిలబడి ఉన్నంతసేపూ పైకప్పు కదలదు.

పైకప్పు చేతిలోకి వచ్చాక జిగురు జోలికి పోవద్దు. టేపుతో అతికించి, చాసిస్ మీద పెట్టి, చక్రాలు తగిలించి, బల్ల మీద పెట్టి దాని ఎత్తుకు వంగి చూడండి. లోపల సీట్లు, స్టీరింగు కూడా పెట్టి చూడండి, ఎందుకంటే దిగిన పైకప్పు కింద ఫ్యాక్టరీ ఎత్తు సీట్లు కిటికీలోంచి అరటిగెల తొంగిచూసినట్టు ఉంటాయి. సీట్ల అడుగు 2 మిల్లీమీటర్లు అరగదీస్తే సరిపోతుంది. ఈ టేపు దశలో కారు రెండు మూడు రోజులు బల్ల మీదే ఉండనివ్వండి. రాత్రి నచ్చిన వాలు పొద్దున నచ్చకపోవచ్చు, అప్పుడు మార్చుకోవడానికి టేపు తీస్తే చాలు.

ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూలో ప్రతి ఆగస్టులో డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచి ఉంది. చాప్ చేసిన మెర్క్యురీలు కచ్చితంగా వస్తాయి. నేను వాటిని పక్క నుంచి, స్తంభం ఎత్తులో కెమెరా పెట్టి ఫోటోలు తీసుకుంటాను. నిలబడి పైనుంచి తీసిన ఫోటోలో వాలు తెలియదు. మీ టెక్సాస్‌లో కూడా పాత కార్ల ప్రదర్శనలకు లోటు లేదు, ఒక ఆదివారం వెళ్ళి అలా తీసుకురండి.

అతుకు, పూత

స్తంభాల అతుకులకు పలచటి ప్లాస్టిక్ సిమెంటు పడుతుంది, అది రెండు మొండేలనూ కరిగించి ఒకటి చేస్తుంది. లోపలివైపు సన్నని స్టైరీన్ పట్టీ అడ్డంగా అతికిస్తే బలం వస్తుంది. వెనక పెద్ద ఖాళీని స్టైరీన్ ముక్కలతోనే నింపండి. ముక్కను ఖాళీ ఆకారానికి కోసి దించి, దాని మీద మాత్రమే పుట్టీ పూయండి. పుట్టీ మందంగా వేస్తే అది నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది, రంగు వేశాక గీత మళ్ళీ పైకి తేలుతుంది.

సన్నని ఖాళీలకు నాకు ఇష్టమైనది సూపర్ గ్లూలో పిల్లల పౌడరు కలిపి పూయడం. అది కుంగదు. అయితే అదే పూట అరగదీయాలి. రాత్రంతా వదిలేస్తే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడి, ఉప్పు కాగితం పెట్టినప్పుడు మెత్తని ప్లాస్టిక్ అరిగిపోయి గ్లూ మిట్టలా మిగులుతుంది.

అసలు కార్ల మీద ఈ పనికి సీసం వాడేవాళ్ళు. కరిగించిన సీసాన్ని చెక్క తెడ్డుతో పూసి ఫైలుతో దిద్దేవాళ్ళు. అందుకే ఈ కార్లకు లెడ్ స్లెడ్ అనే పేరు. మన దగ్గర సీసం అక్కర్లేదు గానీ వాళ్ళ పద్ధతి ఒకటి పనికొస్తుంది. వేలితో కాకుండా చిన్న చెక్కముక్కకు ఉప్పు కాగితం చుట్టి అరగదీయండి. వేలు గుంటల్లోకి దిగుతుంది, చెక్కముక్క దిగదు.

తలుపు హ్యాండిళ్ళు, బానెట్ మీద బొమ్మ, డిక్కీ మీద అక్షరాలు తీసేయడం పైకప్పుతో పోలిస్తే పిల్లల పని. చాకుతో చెక్కి నున్న చేయడమే. కానీ చెక్కేముందు తలుపు గీతలను చాకు వెనకవైపు మొనతో ఇంకొంచెం లోతు చేసుకోండి, లేకపోతే ప్రైమర్, రంగు, క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక పొర) పడ్డాక అవి పూడిపోయి తలుపు ఎక్కడుందో తెలియదు. కారును నేలకు దించడానికి వెనక ఇరుసునూ, ముందు చక్రం ఇరుసునూ కాస్త పైకి జరపండి. చక్రం ఫెండర్‌కి తగలకుండా చూసుకుంటే చాలు.

రంగు: మీ షెవీ ఎందుకు గరుకుగా వచ్చింది

స్ప్రే డబ్బాలోంచి వచ్చే తుంపర బాడీ మీద పడేసరికి ఇంకా తడిగా ఉండాలి. అప్పుడే పక్క తుంపరతో కలిసి నున్నగా పరుచుకుంటుంది. దూరం ఎక్కువైతే తుంపర గాల్లోనే సగం ఆరిపోయి గింజలా వచ్చి అంటుకుంటుంది. డబ్బా చల్లగా ఉంటే లోపలి ఒత్తిడి తగ్గి తుంపర లావుగా పడుతుంది. రెండింటి ఫలితం ఒకటే, గరుకు.

మందు ఇది. డబ్బాను గోరువెచ్చటి నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచండి. వేడినీళ్ళు వద్దు, స్టవ్ దగ్గరికి అస్సలు వద్దు, పేలుతుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, కారు బయట మొదలుపెట్టి కారు బయట ఆపుతూ ఆగకుండా లాగండి. మొదటి రెండు విడతలు పలచగా, కింది రంగు కనిపిస్తున్నా సరే. మధ్యలో పది పదిహేను నిమిషాలు. మూడో విడత తడిగా, లైటు వెలుగులో బాడీ తళతళలాడేలా. అక్కడ ఆగండి.

కిందపొరగా ప్లాస్టిక్ మోడళ్ళకు పనికొచ్చే ప్రైమర్ తప్పనిసరి. స్టైరీన్ మీద ఘాటైన కార్ల లక్కర్ నేరుగా కొడితే పైపొర కరిగి జాలీలా పగుళ్ళు పడుతుంది. ప్రైమర్ వేశాక కారును లైటు కింద తిప్పి చూడండి. చాప్ చేసిన చోట ఏ తప్పున్నా ఇక్కడే బయటపడుతుంది. దిద్దండి, మళ్ళీ ప్రైమర్ కొట్టండి. నా కార్లలో ప్రైమర్ దశకు పట్టే కాలం రంగుకు పట్టే కాలం కంటే ఎప్పుడూ ఎక్కువే.

రెండు నియమాలు గట్టిగా పట్టుకోండి. ఎనామిల్ (మెల్లగా ఆరే రకం రంగు) పూర్తిగా ఆరకముందు దాని మీద లక్కర్ (త్వరగా ఆరే ఘాటైన రకం) కొట్టొద్దు, ముడతలు పడుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే బాడీని ముక్కు దగ్గర పెట్టుకోండి, రంగు వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. రెండోది, ఎర్రటి ప్లాస్టిక్‌లో పోసిన కిట్ దొరికితే దాని మీద లేత రంగు వేసేముందు వెండి రంగు పొర ఒకటి అడ్డంగా వేయండి. లేకపోతే ఎరుపు పైకి ఊరి తెలుపును గులాబీ చేస్తుంది.

ఏ రంగు అంటే, హిరోహాటా కారు రెండు రకాల ఆకుపచ్చల్లో ఉండేది, లేతది పైన, ముదురుది కింద. రెండు రంగుల మధ్య పట్టీ అతుకును దాచేస్తుంది కాబట్టి మొదటిసారి కస్టమ్ చేసేవాళ్ళకు రెండు రంగుల పద్ధతి మేలు. క్యాండీ రంగులు ఇప్పుడే వద్దంటాను. అవి పారదర్శకం, వెండి లేదా బంగారు పొర మీద ఒక్కో విడతకీ ముదురుతూ పోతాయి. చెయ్యి ఒక చోట నిలిచినా అక్కడ మచ్చ పడుతుంది. మెటాలిక్ వాడాలనుకుంటే అతి సన్నని పొడి ఉన్నదే తీసుకోండి. అసలు కార్ల షాపులో అమ్మే మెటాలిక్‌లో రేకులు 1/25 బాడీ మీద ఇసుకలా కనిపించి కారును బొమ్మను చేసేస్తాయి.

క్లియర్ వేసి, వారం పైన ఆరనిచ్చి, 3000 నుంచి 12000 దాకా ఉండే పాలిషింగ్ బట్టలతో నీళ్ళు పెట్టి రుద్దండి. ఫెండర్ అంచులు, తలుపు మడతల మీద రుద్దకండి, అక్కడ రంగు పొర చాలా పలచన. రెండు భాగాలు కలిపి కొట్టే కార్ల యూరిథేన్ క్లియర్ అద్దంలా మెరుస్తుంది నిజమే, కానీ అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు ప్రమాదం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అది కొట్టే పని కాదు.

క్రోమ్

పెట్టెలో వచ్చే క్రోమ్ భాగాలు మెరుస్తాయి గానీ చెట్టు (భాగాలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసిన చోట తెల్లటి మచ్చ మిగులుతుంది, అచ్చు గీత కూడా క్రోమ్ కిందే ఉండిపోతుంది. బంపర్ లాంటి పెద్ద వాటికి నేను క్రోమ్ తీసేస్తాను. ఇంట్లో వాడే బ్లీచ్‌లో నానబెడితే ఊడిపోతుంది. చేతి తొడుగులు వేసుకోండి, బ్లీచ్‌లో ఇంకే క్లీనరూ కలపకండి, విషవాయువు పుడుతుంది. తరువాత గీతలు అరగదీసి, నిగనిగలాడే నల్లరంగు వేసి, దాని మీద ఆల్‌క్లాడ్ లాంటి క్రోమ్ రంగు ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న పరికరం) పలచగా కొట్టాలి. కింది నలుపు ఎంత నునుపో పైన క్రోమ్ అంత మెరుపు.

కిటికీ చట్రాలకు, పక్క పట్టీలకు బేర్ మెటల్ ఫాయిల్. వెనక జిగురుండే అతి పలచని రేకు అది. కావాల్సిన దానికంటే పెద్ద ముక్క పరిచి, చెక్క పుల్లతో మూలల్లోకి ఒత్తి, కొత్త బ్లేడుతో అంచు వెంట కోసి మిగిలింది లాగేయడమే. కొత్త బ్లేడు అన్నాను, పాతది రేకును చింపుతుంది.

అక్షరాలకు ఒక కిటుకు, ఇది మీ షెవీ లాంటి కారు మళ్ళీ కడితే పనికొస్తుంది. 57 బెల్ ఎయిర్ ఫెండర్ మీద బంగారు రంగు అక్షరాలు ఎంత చిన్నవో తెలుసుగా, వాటిని కుంచెతో దిద్దడం కష్టం. ప్రైమర్ వేశాక, రంగుకు ముందు, ఆ అక్షరాల మీద చిన్న ఫాయిల్ ముక్క ఒత్తి అంటించండి. అక్షరం అంచులన్నీ రేకులోంచి ఉబ్బి కనిపించేదాకా పుల్లతో నొక్కండి. చుట్టూ మిగిలిన రేకు తీసేసి కారు మొత్తానికి రంగు కొట్టండి. రంగు ఆరాక, క్లియర్‌కి ముందు, దూదిపుల్లను థిన్నర్‌లో ముంచి దాదాపు పొడిగా పిండి, అక్షరాల పైభాగాన్ని మాత్రం మెల్లగా తాకుతూ పోండి. ఎత్తుగా ఉన్న చోట రంగు కరిగి లేచిపోతుంది, కింద రేకు మెరుస్తూ బయటపడుతుంది. ఒక్కొక్క అక్షరం అలా తేలుతుంటే చూడటం ఈ పని మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం. బంగారు రంగు ఫాయిల్ కూడా దొరుకుతుంది.

అద్దాలు, చక్రాలు, మిగతావి

దించిన పైకప్పుకు కిట్ అద్దాలు సరిపోవు. ముందు అద్దాన్ని కింది అంచు నుంచి కొంచెం కొంచెం అరగదీస్తూ సరిచూసుకోండి. పక్క కిటికీలకు పలచని పారదర్శక షీట్ కోసి పెట్టడం తేలిక. అతికించడానికి సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. తెల్ల జిగురు వాడండి.

మెత్తటి వినైల్ టైర్లలోని నూనె లాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ రిమ్‌లను తినేస్తుంది. పాత కిట్ల పెట్టెలు తెరిస్తే టైరు ఆనిన చోట అద్దాలు, రిమ్‌లు కరిగిపోయి ఉండటం చాలాసార్లు చూశాను. రిమ్ చుట్టూ ఫాయిల్ పట్టీ చుట్టి టైరు ఎక్కించండి. కిట్‌ను కట్టకుండా దాచుకుంటే టైర్లు వేరే కవర్లో పెట్టండి.

ఇంజను ఫ్లాట్‌హెడ్ వీ8, అసలు కారులో 255 క్యూబిక్ అంగుళాలు, 110 హార్స్‌పవర్. బానెట్ మూసి ఉంచేట్టయితే దాని మీద ఎక్కువ కాలం ఖర్చు పెట్టొద్దు.

హైదరాబాద్, విశాఖ నుంచి చదివేవాళ్ళకు ఒక మాట. అమెరికా నుంచి ఎవరితోనైనా కిట్ తెప్పించుకోవచ్చు, స్ప్రే డబ్బాలు మాత్రం విమానంలో రానివ్వరు. ఎయిర్‌బ్రష్ ఉంటే సీసాల్లో దొరికే నీటి ఆధారిత అక్రిలిక్‌లు వాడుకోండి. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం పక్కన, లక్కర్ కొడితే గాల్లో తేమకు పాలలా తెల్లబారుతుంది. పొడి రోజు చూసుకుని మధ్యాహ్నం పూట కొట్టండి.

మీరు కిట్ కొని, టేపు గీతలు పెట్టాక, రంపం పెట్టకముందు, బాడీని సరిగ్గా పక్క నుంచి ఒక ఫోటో, వెనక నుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ముందు స్తంభం మీద గీతలు నేలకు సమాంతరంగా ఉన్నాయా, వెనక అద్దం కింద కోత ఎక్కడ తిరగాలి అన్నది ఫోటో మీదే గీసి చూపిస్తాను.